డ్యాష్‌బోర్డు మీద బ్రేకు లైటు: బాగా తిరిగిన బండిలో లోపాన్ని ఎలా పట్టుకోవాలి

(ఆటోమొబైల్ శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. లక్షన్నర, రెండు లక్షల కిలోమీటర్లు దాటిన బండి గురించే ఈ రోజు మాట్లాడతాను. కొత్త బండిలో బ్రేకు హెచ్చరిక లైటు వెలిగితే చాలావరకు ఒకే కారణం ఉంటుంది. పాత బండి సంగతి వేరు. ప్యాడ్లు అరిగి ఉంటాయి, బ్రేక్ ఆయిల్ మార్చి ఏళ్లయి ఉంటుంది, వైర్ల తొడుగు ఎండిపోయి పెళుసెక్కి ఉంటుంది, ఎప్పుడో ఎవరో ఒక బేరింగ్ మార్చి ఉంటారు. లైటు ఒక్కటే అయినా దాని వెనక రెండు మూడు లోపాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. అందులో ఒకటి సరిచేయగానే లైటు ఆరిపోవచ్చు. అసలు ప్రమాదం మాత్రం అలాగే ఉండిపోవచ్చు. కాబట్టి లైటు ఆరగానే పని అయిపోయిందనుకోవద్దు. ఇదిగో, దీనివల్లే వెలిగిందని బండి యజమానికి చేత్తో చూపించగలిగేదాకా వెతకాలి.

మొట్టమొదట, లైట్లు అసలు పనిచేస్తున్నాయా లేదా చూడండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్ చేస్తే ఎర్ర బ్రేకు లైటు, పసుప్పచ్చ ఏబీఎస్ (గట్టి బ్రేకులో చక్రాలు పట్టేయకుండా చూసే వ్యవస్థ) లైటు వెలగాలి. ఏబీఎస్ యూనిట్ తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే కొన్ని సెకన్లలో ఆ పసుపు లైటును ఆర్పేస్తుంది. తాళం ఆన్ చేసినప్పుడు ఆ లైటు వెలగనే లేదంటే దాన్ని మంచి సూచన అనుకోకండి. బల్బు పోయి ఉండొచ్చు, లేదా అమ్మేముందు ఎవరో దాన్ని తీసేసి ఉండొచ్చు. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఈ ఒక్క పరీక్ష మాత్రం మానకండి. దీనికి పనిముట్లేవీ అక్కర్లేదు.

ఇక లైటు రంగు. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగి, పెడల్ మామూలుగా ఉంటే మామూలు బ్రేకు పనిచేస్తుంది. గట్టిగా నొక్కినప్పుడు చక్రాలు పట్టేయకుండా చూసే సాయం మాత్రమే ఉండదు. తడి రోడ్డు మీద దూరం పాటిస్తూ వర్క్‌షాపుకి నడిపి తీసుకురావచ్చు. ఎర్ర లైటు అలా కాదు. బండి ఆపి చూడాల్సిందే. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దిగి ఉండి, ఆయిల్ సరిపడా ఉండి, పెడల్ గట్టిగా ఉంటే కొంత ఊపిరి పీల్చుకోవచ్చు. పెడల్ మెత్తగా స్పాంజిలా ఉన్నా, మామూలు కన్నా కిందికి దిగుతున్నా ఆ బండిని ఇక ఒక్క అడుగు కూడా నడపకండి, టోయింగ్ చేయించండి.

ఎర్రది, పసుపుది రెండూ కలిసి వెలగడాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ఆయిల్ ఉంది, పెడల్ బాగుంది, ఇంకేముందిలే అనుకుంటారు. చాలా బండ్లలో ఈ జంట లైట్లకు అర్థం ఈబీడీ కూడా ఆగిపోయిందని. గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రాల మీదికి వాలుతుంది, వెనక చక్రాలు తేలికవుతాయి. అప్పుడు వెనక చక్రాలకు వెళ్లే ప్రెషర్‌ని అదుపు చేసేది ఈబీడీయే. అది లేకపోతే వెనక చక్రాలు ముందుగా పట్టేసి బండి వెనక భాగం పక్కకి తిరిగిపోగలదు. ఇది ఏబీఎస్ ఒక్కటే పోవడం కన్నా పెద్ద విషయం.

ఇప్పుడు నాకు బాగా పట్టింపు ఉన్న చోటికి వస్తాను. బ్రేక్ ఆయిల్ డబ్బా. ఎర్ర లైటు వెలిగింది, మూత తీశారు, ఆయిల్ మిన్ గీత కన్నా కింద ఉంది, పోసి నింపారు, లైటు ఆరింది, బండి వెళ్లిపోయింది. ఇలా చేయడం తప్పు. బ్రేకు వ్యవస్థ మూసి ఉన్న వ్యవస్థ. ఇంజిన్ ఆయిల్‌లా అది కాలిపోయి తగ్గదు. తగ్గిందంటే కాలిపర్లలోకి, అంటే ప్యాడ్లను డిస్కుకి అదిమే భాగాల్లోకి దిగి ఉండాలి, లేదా బయటికి కారి ఉండాలి.

కాలిపర్లలోకి ఎలా దిగుతుంది? ప్యాడ్ కొత్తగా ఉన్నప్పుడు దాని రాపిడి పదార్థం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. అరిగేకొద్దీ పిస్టన్ ముందుకు జరుగుతుంది, దాని వెనక ఏర్పడ్డ ఖాళీలోకి ఆయిల్ చేరుతుంది. డబ్బా మీద మ్యాక్స్, మిన్ గీతల మధ్య తేడాను ఈ అరుగుదలని లెక్కలో పెట్టుకునే ఉంచుతారు. అంటే లీకేజీ ఎక్కడా లేని బండిలో ఆయిల్ మిన్ దగ్గరికి వచ్చిందంటే ప్యాడ్లు ఆఖరికి వచ్చాయని అది చెబుతోంది. పైనుంచి ఆయిల్ పోస్తే ఆ హెచ్చరిక నోరు నొక్కేసినట్టే. ఆ తర్వాత ప్యాడ్ రేకు డిస్కుని కోసేదాకా లైటు మళ్లీ వెలగకపోవచ్చు. పైగా రేపు కొత్త ప్యాడ్లు వేస్తూ పిస్టన్లు వెనక్కి నెడితే డబ్బా పొంగి ఆయిల్ బాడీ మీద పడుతుంది, పెయింటు లేచిపోతుంది. పడితే తుడిచి ఊరుకోవద్దు, వెంటనే నీళ్లతో కడగండి.

కాబట్టి ఆయిల్ తగ్గితే ముందు చక్రాలు విప్పండి. జాకీ మీద వదిలేసి కాదు, స్టాండ్లు పెట్టి. ప్యాడ్లు చూసేటప్పుడు బయటివైపు ప్యాడ్ ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి. బాగా తిరిగిన బండిలో కాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే గైడ్ పిన్నులు తుప్పుపట్టి జామ్ అవుతాయి. అప్పుడు పిస్టన్ వైపున్న లోపలి ప్యాడ్ ఒక్కటే అరుగుతుంది. బయటి ప్యాడ్ 6 మిల్లీమీటర్లు ఉంటుంది, లోపలిది రేకు దాకా వచ్చేసి ఉంటుంది. 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చిందంటే మార్చేయండి. మార్చేటప్పుడు పిన్నులు తీసి శుభ్రం చేసి, వాటికి తగిన గ్రీజు పెట్టకపోతే కొత్త ప్యాడ్‌కీ అదే గతి. డ్రమ్ము, కాలిపర్ల మీదున్న దుమ్మును ఎయిర్ గన్‌తో ఊదొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిపి తుడవండి.

ప్యాడ్లు బాగానే ఉండి ఆయిల్ తగ్గితే లీకేజీ వెతకాలి. వెనక డ్రమ్ముల్లో వీల్ సిలిండర్ రబ్బరు తొడుగు అంచుని కొద్దిగా పైకెత్తి చూడండి. లోపల ఆయిల్ చేరి ఉంటే సీలు పోయినట్టే. అది లైనర్ల దాకా కారేదాకా ఆగొద్దు. బయట ఎక్కడా తడి కనిపించకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌కి ప్రెషర్ ఇచ్చేది), బూస్టరు (పెడల్ బలాన్ని పెంచేది) కలిసే చోటు అనుమానించండి. వెనక సీలు పోతే ఆయిల్ నేల మీద పడదు, బూస్టరు లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్ నట్లు రెండూ వదులు చేసి కొంచెం ముందుకు జరిపి వెనక ముఖం తడిగా ఉందేమో చూస్తే తెలిసిపోతుంది. ఇంకొకటి, చాలామంది మర్చిపోయేది: హైడ్రాలిక్ క్లచ్ ఉన్న ఎన్నో బండ్లలో క్లచ్‌కి కూడా ఆయిల్ ఈ డబ్బాలోంచే వెళుతుంది. బ్రేకులన్నీ పొడిగా ఉన్నా క్లచ్ సిలిండర్ కారుతుంటే వెలిగేది బ్రేకు లైటే. నాలుగు చక్రాలూ విప్పి చూసి ఏమీ దొరక్క తల పట్టుకున్నవాళ్లకు జవాబు చాలాసార్లు గేర్‌బాక్స్ దగ్గర ఉంటుంది.

ఆయిల్ నిండుగా ఉండి కూడా లైటు వెలుగుతుంటే? డబ్బాలో ఒక ఫ్లోట్ ఉంటుంది, చాలావాటిలో దానికి చిన్న అయస్కాంతం ఉంటుంది. ఏళ్ల తరబడి నాని ఆ ఫ్లోట్ ఆయిల్ పీల్చుకుని మునిగిపోతుంది, లేదా మడ్డి పట్టి ఒకచోట ఇరుక్కుంటుంది. డబ్బా కప్లర్, అంటే దాని వైర్లు కలిసే ప్లగ్గు పీకండి. చాలా బండ్లలో అప్పుడు లైటు ఆరిపోతుంది. ఆరిందంటే లోపం ఫ్లోట్ దగ్గర. ఆరకపోతే హ్యాండ్‌బ్రేకు లివరు కింద ఉన్న స్విచ్చి చూడండి. కేబుల్ సాగి లివరు పూర్తిగా కిందికి దిగకపోయినా, స్విచ్చి వంగినా లైటు మిణుకుమిణుకుమంటుంది. ఇది సులభమైన పని, ఎక్కువ చెప్పను.

పెడల్ గురించి మాత్రం చెప్పాలి. ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ మీద తేలికగా, ఒకే బలంతో కాలు పెట్టి ఉంచండి. అది నెమ్మదిగా కిందికి జారిపోతూ, బయట ఎక్కడా లీకేజీ లేకపోతే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు ప్రెషర్‌ని నిలపడం లేదని అర్థం. ఆయిల్ స్థాయి తగ్గదు కాబట్టి లైటు కూడా వెలగకపోవచ్చు. అందుకే లైటుకి ఇచ్చిన విలువ మీ కాలికి కూడా ఇవ్వండి. పాత బండి బ్రేకు లైన్లలోంచి గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కించడం వల్ల కూడా ఈ లోపం వస్తుంది. రోజూ నడిపేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో కొంత దూరమే ప్రయాణిస్తుంది. ఆ దూరం దాటిన భాగంలో ఏళ్లుగా తుప్పు, మడ్డి పేరుకుంటాయి. ఒక్కసారి అడుగు దాకా తొక్కితే సీలు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. వచ్చినప్పుడు బాగున్న బండి మన చేతిలోంచి వెళ్లేటప్పటికి పాడవుతుంది. పెడల్ కింద చెక్కముక్క పెట్టి ఆ దూరాన్ని అడ్డుకోండి, లేదా పెడల్ తొక్కకుండానే ఒత్తిడితో గాలి తీసే ప్రెషర్ బ్లీడర్ వాడండి.

ఆయిల్ వయసు కూడా చూడాలి. గ్లైకాల్ రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 గ్రేడు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. అందులో 3.7 శాతం నీరు చేరినప్పుడు ఆ కనీస హద్దు 155 డిగ్రీలే. డాట్ 3కి ఆ అంకెలు 205, 140. పెద్ద ఘాట్ దిగేటప్పుడు వేడెక్కిన కాలిపర్‌లో పాత ఆయిల్ మరిగి ఆవిరవుతుంది, పెడల్ కిందికి పోతుంది, చల్లారాక ఏమీ జరగనట్టే ఉంటుంది. బండి మీ దగ్గరికి వచ్చేటప్పటికి పెడల్ బాగుంటుంది, ఏ లైటూ ఉండదు. యజమాని చెప్పింది నమ్మండి. సుమారు రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమనడం ఇందుకే.

ఇప్పుడు ఏబీఎస్ వైపు వద్దాం. మొదటి అడ్డంకి స్కానర్, అంటే బండి యూనిట్లు దాచుకున్న లోపాల కోడ్లు చదివే పరికరం. జేబులో పట్టే చవక రీడర్లు చాలావరకు ఇంజిన్ కోడ్లే చదువుతాయి. కోడ్లేమీ లేవు అని అది చెబితే ఏబీఎస్ బాగుందని కాదు, దానికి ఏబీఎస్ కనిపించడం లేదని. సీ అక్షరంతో మొదలయ్యే చాసిస్ కోడ్లు చదవగల స్కానర్ కావాలి. ఉదాహరణకి సీ0035 ఎడమ ముందు చక్రం స్పీడ్ సెన్సర్ సర్క్యూట్‌కి సంబంధించిన కోడ్. సర్క్యూట్ అన్నాను, గమనించండి. సెన్సర్, దాని వైరు, కప్లర్, చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగు, యూనిట్ లోపలి భాగం అన్నీ ఆ ఒక్క మాటలోకి వస్తాయి. కోడ్ రాగానే సెన్సర్ కొనడం వల్లే యజమానుల డబ్బు వృథా అవుతోంది.

ఒక బండి చెబుతాను. ఎడమ ముందు చక్రం కోడ్ వస్తోంది, అప్పటికే వేరేచోట సెన్సర్ కొత్తది వేశారు. లైటు మళ్లీ వెలుగుతోంది. డ్రైవరు ఒక మాటన్నాడు: తిన్నగా పోతే రాదు, మలుపులో వస్తుంది అని. సగం పని అక్కడే తేలిపోయింది. స్కానర్‌లో నాలుగు చక్రాల వేగం కనబడేలా పెట్టి, సుమారు 25 కిలోమీటర్ల వేగంతో తిన్నగా నడిపితే నాలుగు అంకెలూ కలిసే నడిచాయి. స్టీరింగ్ బాగా తిప్పగానే ఎడమ ముందు అంకె సున్నాకి పడిపోయి మళ్లీ లేచింది. చక్రం విప్పి చూస్తే వైరును పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పు ఊడిపోయి ఉంది. సెన్సర్‌తో పాటు వచ్చిన వైరు కొత్తదే, కానీ స్టీరింగ్ తిరిగినప్పుడల్లా ఆ లాగుడంతా కప్లర్ వెనక బాడీలోకి వెళ్లే పాత వైరు మీద పడుతోంది. పైకి తొడుగు చెక్కుచెదరలేదు. రెండు వేళ్లతో పట్టి మెల్లగా లాగితే ఒకచోట రబ్బరులా సాగింది. లోపల రాగి తీగ ఉంటే అలా సాగదు. అక్కడ కోసి చూస్తే రాగి పచ్చగా చిలుము పట్టి తెగి ఉంది. ఆ ముక్క తీసి కొత్త వైరు కలిపి, సోల్డర్ చేసి, నీరు చొరకుండా ట్యూబ్ వేసి, క్లిప్పు పెట్టాం. క్లిప్పు పెట్టకుండా వదిలేస్తే ఆ అతుకు కూడా తెగిపోయేదే.

సెన్సర్లు రెండు రకాలు. పాత రకం అయస్కాంతం చుట్టూ తీగచుట్ట. దాని నిరోధం సాధారణంగా వెయ్యి, రెండు వేల ఓముల ప్రాంతంలో ఉంటుంది. ఎడమ కుడి పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. కొత్త రకం సెన్సర్‌లో చిన్న ఎలక్ట్రానిక్ సర్క్యూట్ ఉంటుంది. దానికి కరెంటు అందితేనే పనిచేస్తుంది, సిగ్నల్‌ని 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుస్తూ పంపుతుంది. దాన్ని ఓముల్లో కొలవకండి. అంకెకి అర్థం ఉండదు, పైగా సెన్సర్ పాడయ్యే వీలుంది. కప్లర్ దగ్గర సప్లై వస్తోందో లేదో చూడండి, మిగతాది స్కానర్ అప్పటికప్పుడు చూపే లైవ్ డేటాలో చూడండి.

సెన్సర్ కూర్చునే చోట తుప్పు పొరలు పొరలుగా పెరిగి దాన్ని పైకి నెట్టేస్తుంది. రింగుకీ దానికీ ఉండాల్సిన సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అది పెరిగితే సిగ్నల్ బలహీనపడుతుంది. ఇంకో లక్షణం చూడండి. పొడి రోడ్డు మీద నెమ్మదిగా బండి ఆపుతుంటే, ఆగబోయే ముందు పెడల్ గరగరమంటుంది, ఏబీఎస్ దానంతటదే పనిచేస్తుంది. లైటు ఉండకపోవచ్చు. యాక్సిల్ మీదున్న పళ్ల రింగు తుప్పుకి పగిలి ఒకచోట పళ్ల మధ్య సందు పెరిగినప్పుడు ఇలా అవుతుంది. ఆ సందు దగ్గర చక్రం ఒక్కసారిగా ఆగిపోతోందని యూనిట్ భ్రమపడుతుంది. బ్రేకు వేయాల్సిన చోట అది ప్రెషర్ వదిలేస్తుంది కాబట్టి దీన్ని ఆలస్యం చేయొద్దు. రింగు చుట్టూ తుడిచి, లైటు వేసి, చక్రం మెల్లగా తిప్పుతూ ప్రతి పన్నూ చూడండి.

ఇటీవల బేరింగ్ మార్చారని తెలిస్తే అది కూడా అనుమానించాలి. చాలా బండ్లలో పళ్ల రింగుకి బదులు బేరింగ్ సీలులోనే అయస్కాంత ధ్రువాల పట్టీ ఉంటుంది. బేరింగ్ తిరగేసి నొక్కితే ఆ పట్టీ సెన్సర్‌కి అవతలి వైపు పడుతుంది, సిగ్నల్ రాదు. నొక్కేముందే అయస్కాంత క్షేత్రాన్ని చూపే చిన్న కార్డుతో ఏ వైపో చూసుకోండి. టైర్ల సైజు, అరుగుదల ఒకేలా లేకపోయినా చక్రాల అంకెలు కలవవు. చిన్న టైరు ఎక్కువ వేగం చూపిస్తుంది.

ఒక్కసారిగా ఏబీఎస్, స్టీరింగ్, ఈఎస్‌పీ (బండి జారిపోకుండా చూసే వ్యవస్థ) లైట్లన్నీ వెలిగితే కంగారుపడి ఒక్కొక్క భాగం విప్పకండి. ముందు కరెంటు చూడండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర చాలా బండ్లలో 13.8 నుంచి 14.5 వోల్టుల దాకా ఉండాలి. ఆల్టర్నేటర్ అరిగితే, సెల్ఫ్ వేసినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే యూనిట్లు కోడ్లు రాసేస్తాయి. తర్వాత ఎర్త్. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఏబీఎస్ యూనిట్ ఎర్త్ పిన్ను మీద పెట్టి, లోడు ఉన్నప్పుడు చూడండి. 0.1, 0.2 వోల్టులకు మించి కనిపిస్తే ఆ దారిలో తుప్పు ఉంది. బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా రుద్ది బిగించడంతో పోయిన లోపాలకి కూడా యూనిట్లు మార్చేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. యూనిట్ పాడవదని కాదు. లోపలి సోల్డర్ అతుకులు పగులుతాయి, పంపు మోటారు బ్రష్షులు అరుగుతాయి. అయితే సప్లై, ఎర్త్, వైర్లు బాగున్నాయని మీటరుతో తేల్చుకున్నాకే ఆ మాట నోటికి రావాలి. పెడల్ పైనుండే బ్రేకు స్విచ్చి కూడా అప్పుడే చూసేయండి. వెనక బ్రేకు దీపాలు సరిగా వెలగకపోతే, ఎప్పుడూ వెలుగుతూనే ఉంటే ఈఎస్‌పీ కోడ్లకి అదే కారణం కావచ్చు.

(సభలోంచి ఒకరు: ఏబీఎస్ లైటుతో విసుగొచ్చి ఫ్యూజు తీసేసి నడుపుతున్నారు కదా, ఏమవుతుంది?)

అడిగినందుకు సంతోషం, తమ్ముడూ. ఫ్యూజు తీస్తే లైటు ఆరదు, ఇంకా ఎక్కువ లైట్లు వెలుగుతాయి. చాలా బండ్లలో ఏబీఎస్‌తో పాటు ఈబీడీ కూడా పోతుంది. ఇందాక వెనక చక్రాలు ముందుగా పట్టేయడం గురించి చెప్పాను కదా, చిన్న సెన్సర్ లోపాన్ని ఆ స్థితికి మీరే తెచ్చుకున్నట్టు. సెన్సర్ దొరికేదాకా బండి నడపాల్సివస్తే ఫ్యూజు ముట్టుకోకుండా జాగ్రత్తగా నడపమనండి.

(మరొకరు: రిపేరు అయ్యాక కోడ్ తీసేస్తే సరిపోతుందా?)

సరిపోదు. కోడ్ తీసేశాక కొన్ని బండ్లలో చక్రాలు తిరిగి, సిగ్నల్ సరిగా ఉందని యూనిట్‌కి నమ్మకం కుదిరేదాకా లైటు ఆరదు. కాబట్టి నడపాలి. ఖాళీ రోడ్డు చూసుకోండి. బయల్దేరే ముందు బండి నిలిపి ఉండగానే పెడల్ రెండు మూడుసార్లు తొక్కండి. కొత్త ప్యాడ్లు వేసినప్పుడు మొదటి తొక్కుడికి పెడల్ నేలకి పోతుంది, అది రోడ్డు మీద జరగకూడదు. లైవ్ డేటా పెట్టి తిన్నగా కొంత దూరం, రెండు వైపులా మలుపులు, గుంతల మీదుగా కొంచెం నడపండి. ఆగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టకుండా కొంచెం దూరం నుంచి వేడి పోల్చి చూడండి. ఒక చక్రం మరీ వేడిగా ఉంటే అక్కడ కాలిపర్ వదలడం లేదు. ఆ చక్రాన్ని ఎత్తి తిప్పండి. గట్టిగా ఉంటే కాలిపర్ మీదున్న బ్లీడింగ్ నిపుల్ (గాలి తీసే మర) వదులు చేయండి. వెంటనే చక్రం వదులైతే కాలిపర్ మార్చొద్దు. రబ్బరు హోసు లోపల ఉబ్బి ఆయిల్‌ని వెనక్కి రానివ్వడం లేదేమో ముందు చూడండి. నిపుల్ వదులు చేసినా చక్రం బిగుసుకునే ఉంటే అప్పుడు పిస్టన్, గైడ్ పిన్నులు చూడండి.